కొత్త ప్రాసెసర్ కోసం ఆగాలా, పాత ఫ్యాన్‌లో దుమ్ము దులపాలా?

ప్రశ్న: మాది తెనాలి. పెళ్లి వీడియోల మిక్సింగ్ చేస్తాను. 2020లో కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్ మీదే పని: ఇంటెల్ ఐ7-9750హెచ్ ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్ కార్డు, 16 జీబీ ర్యామ్. రెండేళ్లుగా బాగా వేడెక్కుతోంది. ఎండాకాలంలో ఎక్స్‌పోర్ట్ (పూర్తయిన వీడియో ఫైలు తీయడం) పెడితే 97, 98 డిగ్రీలు చూపిస్తుంది, ఫ్యాన్ హోరుకి ఫోన్ మాట వినపడదు, ఒక్కోసారి టైమ్‌లైన్ నత్తనడక నడుస్తుంది. పోయిన దసరాకి కొత్త కెమెరా తీసుకున్నాక మరీ ఎక్కువైంది. ఈ మధ్య టచ్‌ప్యాడ్ కూడా నొక్కుతుంటే గట్టిగా ఉంటోంది, అది వేరే సంగతనుకోండి. కొత్తది కొందామంటే మా బావమరిది 'వచ్చే ఏడాది వచ్చే ప్రాసెసర్లు అసలు వేడెక్కవట, ఆగు బావా' అంటున్నాడు. ఆగమంటారా, కొనమంటారా?

జవాబు: మీరు అడిగింది ప్రాసెసర్ గురించి. కానీ నేను ఉలిక్కిపడింది 'అది వేరే సంగతనుకోండి' అని మీరు మాటవరసకి వదిలేసిన టచ్‌ప్యాడ్ ముక్క దగ్గర. అది వేరే సంగతి కాకపోవచ్చు. ముందు దాన్ని చూద్దాం.

చాలా ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ ఉండేది మనం అరచేతులు ఆనించే చోట, టచ్‌ప్యాడ్‌కి సరిగ్గా కింద. ఏళ్ల తరబడి వేడిలో ఉంటూ, పైగా పొద్దస్తమానం ఛార్జర్‌కి తగిలించి నిండుగా ఉంచితే లిథియం సెల్స్ లోపల వాయువు పుట్టి అవి పూరీల్లా పొంగుతాయి. పొంగింది కింది నుంచి తన్నుతుంటే టచ్‌ప్యాడ్ గట్టిపడుతుంది. మూత మూసి, నున్నటి బల్ల మీద పెట్టి చూడండి. మెషిన్ కుదురుగా కూర్చోకుండా ఊగుతున్నా, అడుగు రేకు ఉబ్బినట్టున్నా, కీబోర్డు దగ్గర అతుకు విచ్చుకున్నా ఇక ఆన్ చేయొద్దు. ఛార్జర్ తీసేసి, ఆ బ్యాటరీ విప్పించేయండి. పొంగిన బ్యాటరీని సూదితో పొడిచి 'గాలి' తీసి మళ్లీ బిగించిన మహానుభావుణ్ణి ఒకసారి చూశాను. అది గాలి కాదు, నిప్పు అంటుకునే వాయువు. పాత బ్యాటరీని చెత్తలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. కొత్తది వేయించాక కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉందేమో చూసి పెట్టుకోండి. మీరు ఎలాగూ షాపులో ప్లగ్ తీయరు. బ్యాటరీ పొంగడం కాకుండా ఏ నలకో అడ్డుపడి ఉంటే సంతోషమే.

ఇక వేడి. 97 అనే అంకె చూసి బెంబేలెత్తాల్సిన పనిలేదు. మీ ప్రాసెసర్ చిప్‌కి ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీలు. ఆ గీత దగ్గర పడగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, కాలిపోదు. 4.5 గిగాహెర్ట్జ్ దాకా ఎగరగలిగింది మూడు దగ్గరికో, ఇంకా కిందికో దిగుతుంది. మదర్‌బోర్డు మీద ఇంకో భాగం తట్టుకోలేక కేక పెడితే ఏకంగా 800 మెగాహెర్ట్జ్‌కి పడిపోవడం కూడా ఉంది. మీరు చెప్పిన నత్తనడక అదే అయి ఉండొచ్చు. కాబట్టి వేడి వల్ల మీకు రోజూ జరుగుతున్న నష్టం చిప్ పాడవడం కాదు. డబ్బు పెట్టి కొన్న వేగంలో కొంత మీ చేతికి రాకపోవడం.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. చిప్ వేడి ఎప్పుడూ గది వేడి మీదే ఎక్కి కూర్చుంటుంది. సంక్రాంతి రోజుల్లో 25 డిగ్రీల గదిలో 85 చూపించిన మెషిన్, మే నెలలో 38 డిగ్రీల గదిలో అదే పనికి 98 చూపిస్తుంది. గది 13 పెరిగింది, చిప్ 13 పెరిగింది. ఇందులో మెషిన్ తప్పేమీ లేదు. అందుకే అంకె ఒక్కటే చూడకుండా తేడా చూడాలి. రేపు పొద్దున షాపు తీయగానే, ఏ ప్రోగ్రామూ తెరవకుండా పదిహేను నిమిషాలు వదిలేసి, చిప్ ఎంతలో ఉందో, గది ఎంతలో ఉందో రాసుకోండి. తేడా ఇరవై అటూఇటూగా ఉంటే గాలి ఆడుతున్నట్టే. ఊరికే ఉన్నప్పుడే 65, 70 దగ్గర తిష్ఠ వేస్తే, టాస్క్ మేనేజర్‌లో ఏదీ వెనకాల నడవడం లేదని చూసుకున్నాక, గాలి దారి పూడుకుపోయిందని అనుమానించవచ్చు.

పూడిక అన్నది ఊరికే అనలేదు. కాలవల ఊరివాళ్లు, మీకు వేరే చెప్పక్కర్లేదు. గుర్రపుడెక్క అల్లుకుపోయిన కాలవకి ఎగువన ఎంత నీళ్లు వదిలినా చివరి పొలానికి చేరవు. చిప్ మీది వేడిని రాగి గొట్టాలు పక్కకి మోసుకెళ్లి, దువ్వెన పళ్లలాంటి సన్నటి రేకులకి అప్పగిస్తాయి. ఫ్యాన్ ఆ రేకుల మధ్య నుంచి గాలి తోసి వేడిని బయటికి పంపిస్తుంది. దుమ్ము పేరుకునేది సరిగ్గా ఫ్యాన్‌కీ ఆ రేకులకీ మధ్య. మామూలు దుమ్మయితే కొంతన్నా జారిపోతుంది. షాపులో దేవుడి పటం ముందు రోజూ అగరొత్తులు వెలిగిస్తారుగా? ఆ జిడ్డు పొగ, దుమ్ము, నూలు పోగులు కలిసి దళసరి గుడ్డముక్కలా తయారవుతాయి. ఆరేళ్ల మెషిన్‌లోంచి దాన్ని చిమటాతో పట్టుకుని చెక్కు చెదరకుండా లాగగా చూశాను.

బయటి నుంచి బ్లోయర్ కొడితే ఆ గుడ్డ రాదు, ఇంకాస్త లోపలికి బిగుసుకుంటుంది. పైగా ఫ్యాన్ విపరీతమైన వేగంతో గిర్రున తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. అడుగు మూత తీసి, ముందు బ్యాటరీ వైరు ఊడదీసి, ఫ్యాన్‌ని విప్పి పక్కన పెట్టి శుభ్రం చేయాలి. ఎలాగూ అంతదూరం వెళ్లారు కాబట్టి హీట్‌సింక్ (ఆ రాగి గొట్టాలు, రేకుల సెట్టు) ఎత్తి, చిప్ వేడిని దానికి అందించే పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది పూయించండి. ఆరేళ్లలో అది ఎండిపోయో, అంచులకి జరిగిపోయో ఉంటుంది. చుట్టుపక్కల బూడిదరంగు మెత్తటి పట్టీలు ఉంటాయి. అవి చిరిగితే అదే మందంలో కొత్తవి వేయాలి తప్ప పేస్ట్ రాసి మమ అనిపించకూడదు. చేసేవాణ్ణి ఎదురుగా కూర్చుని చూడండి. ఊరిని బట్టి 500 నుంచి 1500 రూపాయల దాకా అడుగుతారు. సీజన్ మధ్యలో మాత్రం ఈ పని పెట్టుకోకండి. ముహూర్తాలు లేని రోజులు మీకు పంచాంగం చూడకుండానే తెలుసు. మూఢమో, ఆషాఢమో చూసుకుని రెండు రోజులు మెషిన్‌కి సెలవివ్వండి.

కూలింగ్ ప్యాడ్ (ల్యాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల పీట) కొననా అని మీరు అడగలేదు గానీ అడిగేస్తారు. దాని వల్ల వచ్చే లాభంలో చాలా భాగం వెనకవైపు కాళ్ల కింద రెండు వాటర్‌బాటిల్ మూతలు పెట్టినా వస్తుంది. ఎయిర్ కూలర్‌ని మాత్రం మెషిన్ మీదకి తిప్పకండి. అది చల్లటి గాలితో పాటు తేమ కూడా పంపుతుంది.

ఇప్పుడు అసలు ముడి. 'కొత్త కెమెరా తీసుకున్నాక మరీ ఎక్కువైంది' అన్నారు. కెమెరాకీ ల్యాప్‌టాప్ వేడికీ సంబంధమేమిటనిపిస్తుంది గానీ, నాకు ముందు అనుమానం వచ్చేది దాని మీదే. ఇప్పటి మంచి కెమెరాల్లో చాలావాటిలో 10 బిట్, 4:2:2 రంగుతో హెచ్ఈవీసీలో (వీడియోని కుదించి దాచే ఒక పద్ధతి) రికార్డు చేసే సదుపాయం ఉంది. యూట్యూబ్ గురువులందరూ అదే పెట్టుకోమంటారు. మామూలు 4:2:0లో నాలుగు పిక్సెళ్లకి కలిపి ఒక రంగు నమూనా దాస్తారు, 4:2:2లో రెండింటికి ఒకటి. చిక్కు ఎక్కడంటే, ప్రాసెసర్‌లో వీడియో విప్పడానికే ప్రత్యేకంగా ఒక చిన్న విభాగం ఉంటుంది. దానికి ఆ పని చాలా తేలిక, వేడి దాదాపు పుట్టదు. మీ తొమ్మిదో తరం చిప్‌లోని విభాగానికి 10 బిట్ 4:2:0 హెచ్ఈవీసీ వచ్చు. 4:2:2 రాదు. మీ జీటీఎక్స్ 1650కీ రాదు. అప్పుడు ఆ పని మొత్తం ప్రాసెసర్‌లో మామూలు లెక్కలు చేసే ఆరు కోర్ల నెత్తిన పడుతుంది. గ్రైండర్‌కి పట్టని పప్పుని ఆరుగురు మనుషులు రోట్లో రుబ్బుతున్నట్టు. మీరు ఊరికే ప్లే నొక్కినా చెమటలే.

నిజమో కాదో తేల్చుకోవడం తేలికే. మీడియాఇన్ఫో అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది. కెమెరా క్లిప్ ఒకటి అందులో తెరిస్తే క్రోమా సబ్‌శాంప్లింగ్ (రంగు నమూనాల లెక్క) అన్న వరుసలో ఏముందో చూపిస్తుంది. అక్కడ 4:2:2 కనిపిస్తే కెమెరా మెనూలో 4:2:0 ఉందేమో వెతికి, పది నిమిషాల క్లిప్ తీసి మిక్సింగ్ చేసి చూడండి. తలంబ్రాల పసుపు, పట్టుచీర అంచు పక్కపక్కన పెట్టి పోల్చుకోండి. గ్రీన్ మ్యాట్ పనులకి తేడా తెలుస్తుంది గానీ, పెన్‌డ్రైవ్‌లో పెట్టి టీవీలో చూసుకునే పెళ్లికి పెళ్లికూతురి మేనమామ కూడా కనిపెట్టలేడు. 4:2:2 వదులుకోవడం ఇష్టం లేకపోతే ప్రాక్సీలు చేసుకోండి. రాత్రి షాపు మూసేటప్పుడు చిన్న సైజు నకళ్లు తయారుకి పెట్టి ఇంటికెళ్తే, తెల్లారేసరికి సిద్ధం. ఎక్స్‌పోర్ట్‌లో మళ్లీ అసలు ఫైళ్లే విప్పాలి కాబట్టి అప్పుడు వేడి తప్పదు. అదీ రాత్రికే వాయిదా వేసుకోవచ్చు, గది కూడా కాస్త చల్లబడుతుంది. ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ (వీడియో కుదించే పని గ్రాఫిక్ కార్డుకి అప్పగించడం) పెట్టి ఉందో లేదో కూడా చూడండి. మీ గ్రాఫిక్ కార్డుకి ఆ పని వచ్చు.

ఇంకొక్క చిట్కా, పైసా ఖర్చు లేనిది. విండోస్ పవర్ ఆప్షన్లలో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది. 100ని 99 చేయండి. ఒక్క శాతమే కదా అనుకోకండి, దాంతో టర్బో (చిప్ అవసరాన్ని బట్టి వేగం పెంచుకోవడం) మొత్తం ఆగిపోయి మీ చిప్ 2.6 గిగాహెర్ట్జ్ దగ్గరే నడుస్తుంది. చిప్ తాగే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే వర్గం చొప్పున పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి కాబట్టి, ఆఖరి కాస్త పరుగుకే ఎక్కువ వేడి ఖర్చవుతుంది. ఎలాగూ వేడికి జంకి మూడు దగ్గర తచ్చాడుతున్న మెషిన్‌కి 2.6 వల్ల పోయేది మీరు భయపడినంత ఉండదు. మే నెలలో ఇలా పెట్టుకుని, చలికాలంలో తీసేయండి. అండర్‌వోల్టింగ్, అంటే చిప్‌కిచ్చే వోల్టేజీ కాస్త తగ్గించడం గురించి కూడా వినే ఉంటారు. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ల్యాప్‌టాప్‌లకి బయోస్ (మదర్‌బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లతో ఆ తలుపు మూసేశారు. మీది తెరిచే ఉంటే అదృష్టమే, మూసి ఉంటే దాని కోసం పాత బయోస్ ఎక్కించే సాహసం చేయకండి.

ఇక మీ బావమరిది మాట. ఆయన్ని తప్పుపట్టను, ఈ ఆశ చాలా పాతది. చిప్ తయారీ పద్ధతులకి నానోమీటర్ల లెక్కన పేర్లు పెడతారు, అంకె తగ్గేకొద్దీ కొత్తది. ఇంటెల్ 14 నానోమీటర్ల చిప్‌లు 2014లో తెచ్చింది. తర్వాతి 10 నానోమీటర్లు 2016కల్లా వస్తాయని, వాటితో అన్నీ చల్లబడతాయని అప్పట్లో అందరం చెప్పుకున్నాం. 2018లో ఒకే ఒక్క ఐ3 చిప్ వచ్చింది, అదీ గ్రాఫిక్స్ విభాగం పనిచేయకుండా. పలచటి ల్యాప్‌టాప్‌లకి 2019లో అందాయి. మీరు వాడే 45 వాట్ల హెచ్ తరగతికి చేరేసరికి 2021 మే. మీ 9750హెచ్ 2019ది, అదీ 14 నానోమీటర్లదే. 2016లో 'ఇంకో ఏడాది' అని ఆగినవాడు ఐదేళ్లు ఆగాడన్నమాట.

సరే, వచ్చాకన్నా చల్లబడ్డాయా? 2022లో వచ్చిన ఐ7-12700హెచ్ చూడండి. కాగితం మీద మొదటి అంకె అదే 45 వాట్లు. పక్కనే ఇంకో అంకె ఉంటుంది, టర్బోలో గరిష్ఠం 115 వాట్లు. కొత్త తయారీ పద్ధతి మిగిల్చిన కరెంటుని కంపెనీలు వేడి తగ్గించడానికి దాచిపెట్టవు. ఇంకో రెండు కోర్లు, ఇంకాస్త వేగం కింద ఖర్చుపెట్టేస్తాయి, ఎందుకంటే ప్రకటనలో అమ్ముడయ్యేది అదే. జీతం పెరిగిన ఇంట్లో పొదుపు పెరగనట్టే. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామన్న ఇంటెల్ 2004లో ఆ ఆలోచన మానుకుంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా చిప్‌ల వేగానికి అడ్డం పడుతున్నది ఎక్కువగా ఈ వేడే. వచ్చే ఏడాది అది మాయమవుతుందని నేను అనుకోను.

అలాగని చల్లటి చిప్‌లు లేవని కాదు. ఉన్నాయి, ఇప్పటికే దుకాణంలో ఉన్నాయి. ఆపిల్ 2020 నవంబరులో ఎం1 చిప్‌తో అసలు ఫ్యానే లేని మ్యాక్‌బుక్ ఎయిర్ తెచ్చింది. ఇంటెల్ 2024 సెప్టెంబరులో తెచ్చిన కోర్ అల్ట్రా 200వి చిప్‌లలో దాదాపు అన్నీ మామూలుగా 17 వాట్లతోనే నడుస్తాయి. 2026 జనవరిలో 18ఏ అనే కొత్త పద్ధతిలో చేసినవీ వచ్చాయి. ఉత్తరాలు రాసుకునేవాళ్లకి, చదువుకునే పిల్లలకి ఇవి బంగారం. గంటసేపు ఎక్స్‌పోర్ట్ పెట్టే మీ పనికి మాత్రం ఫ్యాన్ లేని ఎయిర్ కాసేపటికి వేడెక్కి నెమ్మదిస్తుంది. ఆ దారిలో వెళ్తే ఫ్యాన్ ఉన్న మ్యాక్‌బుక్ ప్రో తీసుకోవాలి. 200వి రకంలోనేమో ర్యామ్ చిప్‌కే అతికి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు. ధరల సంగతి కూడా చూడండి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఆగితే చవకవుతుందన్న పాత లెక్క ఇప్పుడు పనిచేయదు.

చిప్ పేరు చూసి కొంటే ఏమవుతుందో నా జేబుకి తెలుసు. 2022లో సన్నగా, అందంగా ఉన్నదాన్ని లోపలి చిప్ చూసి తీసుకున్నాను. మా పక్క బల్ల కుర్రాడి దగ్గర ఇటుకంత మందాన, ఒక తరం పాత చిప్ ఉన్నది ఉంది. మొదటి ఐదు నిమిషాలు నాది ముందు. అరగంట ఎక్స్‌పోర్ట్ అయ్యేసరికి అతను టీ తాగి వచ్చేశాడు, నాది ఇంకా తిరుగుతూనే ఉంది. సన్నటి ఇంట్లో పెద్ద పొయ్యి పెట్టారు, పొగ పోయే దారి లేదు. అందుకే ఏ రివ్యూ చూసినా మొదటి నిమిషం స్కోరు వదిలేసి, అరగంట నడిపాక ఎంత వేగం మిగిలిందో చెప్పినవాటినే నమ్మండి.

మరి ఏం కొనాలి? నన్నడిగితే అసలు ల్యాప్‌టాప్ కొనొద్దు. మీ పనిలో ఎక్కువ భాగం షాపులోనే కదా. డెస్క్‌టాప్ తీసుకోండి. అరచేతి పొడుగు హీట్‌సింక్, పెద్ద ఫ్యాన్, చుట్టూ ఖాళీ. దుమ్ము పడితే నాలుగు మరలు తీసి మీరే తుడుచుకోవచ్చు. వేడి గొడవ అక్కడితో చాలావరకు తీరిపోతుంది. దీనికి కూడా కొత్త ప్రాసెసర్ కోసం చూడక్కర్లేదు. ఇంటెల్‌లో పన్నెండో తరం ఐ5లో కూడా ఆ 4:2:2 హెచ్ఈవీసీని విప్పే విభాగం ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి: పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉన్న చిప్ వద్దు. ఐ5-12400 వేరు, ఐ5-12400ఎఫ్ వేరు. ఎఫ్ రకంలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, దాంతో పాటే ఆ వీడియో విభాగమూ ఉండదు. 'ఎలాగూ గ్రాఫిక్ కార్డు వేస్తున్నారుగా సార్, కాస్త తగ్గుతుంది' అని ఇదే అంటగడతారు. గేమ్స్ ఆడేవాళ్లకి ఫర్వాలేదు, మీకు మాత్రం మళ్లీ రోలే గతి. లోపలి గ్రాఫిక్స్ లేకపోయినా ఫర్వాలేదనాలంటే 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరస లాంటి గ్రాఫిక్ కార్డు వేయాలి, దానికి 4:2:2 వచ్చు. పదమూడు, పద్నాలుగో తరం పెద్ద చిప్‌లు తీసుకుంటే బిగించగానే బయోస్ అప్‌డేట్ చేయించండి. వాటిలో ఎక్కువ వోల్టేజీ వెళ్లి చిప్‌లు పాడవుతున్నాయని తేలాక 2024లో ఇంటెల్ సవరణలు ఇచ్చింది. ర్యామ్ 32 జీబీ, కరెంటు పోతే ఫైలు దాచుకునేంత సేపు నిలబడే యూపీఎస్ ఒకటి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది కదా అని ల్యాప్‌టాప్ గురించి కంగారుపడకండి. మీ తొమ్మిదో తరం చిప్ విండోస్ 11కి అర్హమే.

డెస్క్‌టాప్ వద్దు, ల్యాప్‌టాపే కావాలి అని మీ పట్టు అయితే, వెనక వైపు గాలి వదిలే మందపాటిది, ర్యామ్ మార్చుకునే స్లాట్లున్నది చూడండి. ఒక తరం పాతదైనా పట్టించుకోకండి. కొత్తది రాగానే పాత స్టాకు తగ్గింపులో పెడుతుంటారు. ఆగడానికి నేను ఒప్పుకునే సందర్భం అదొక్కటే, అదీ నెల లోపు.

పాతదాన్ని మాత్రం ఎక్స్‌ఛేంజ్ కింద ఇచ్చేయకండి, మీకు వచ్చేదేమీ ఉండదు. దుమ్ము దులిపి, బ్యాటరీ మార్చాక పెళ్లి రోజే ట్రైలర్ కట్ చేసి రిసెప్షన్‌లో వేయమన్నవాళ్ల దగ్గరికి దాన్ని తీసుకెళ్లండి. ఏసీ హాల్లో దానికీ హాయిగా ఉంటుంది. కాకపోతే అక్కడి వెల్వెట్ సోఫా మీద పెట్టి పని చేయకండి, అడుగు నుంచి గాలి అందదు. భోజనాల హాల్లోంచి ఖాళీ బల్ల ఒకటి తెప్పించుకుని, దాని మీది గుడ్డ తీసేసి పెట్టుకోండి.